రామేశ్వరం బండి ఎక్కేముందు

బరంపురం

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, డిసెంబరులో బుజ్జి నన్ను రామేశ్వరం తీసుకెళ్తోంది" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మన ఇంట్లో ఒక ఆడపిల్ల తల్లిని వెంటబెట్టుకుని అంత దూరం తీర్థానికి బయల్దేరడం ఇదే మొదలు. వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం.

అమ్మకి కింది బెర్తు, ఆధార్ కార్డులు, మోకాళ్ల మాత్రలు, ఇవి నీకు చెప్పక్కర్లేదు. పులిహోర మొదటి రాత్రికే. రెండోరోజుకి అటుకులు, అరటిపళ్లు చాలు.

భువనేశ్వర్ నుంచి వారానికొక్కరోజు నేరుగా రామేశ్వరం బండి ఉండడం మీ అదృష్టం. 1983లో నేను మీ అమ్మమ్మని తీసుకెళ్లినప్పుడు ఇక్కడ హౌరా మెయిలు ఎక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగాలి. అక్కణ్ణుంచి సామాను రిక్షాలో వేసుకుని ఎగ్మోర్ వెళ్లి మీటర్ గేజి బండి పట్టుకోవాలి. నా తప్పంతా ఆ రెండు స్టేషన్ల మధ్యే జరిగింది. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1974లో మీ తాతయ్య, అమ్మమ్మ కాశీ వెళ్లి, మూతికి మాటు వేసిన చిన్న రాగి చెంబుతో గంగ తెచ్చారు. కాశీలో గంగ పట్టుకొస్తే రామేశ్వరంలో అభిషేకం చేయించాలి, అక్కడి సేతువు ఇసుక తీసుకెళ్లి ప్రయాగలో కలపాలి, అప్పటికిగాని యాత్ర పూర్తికాదు. ఆ రెండో సగం మిగిలుండగానే తాతయ్య పోయారు. చెంబు తొమ్మిదేళ్లు దేవుడి గూట్లో ఉంది. ప్రతి శుక్రవారం అమ్మమ్మ దానికి కూడా బొట్టు పెట్టేది.

బరంపురంలో బండెక్కింది మొదలు ఆ చెంబు ఆవిడ ఒళ్లోనే. పాత పంచె ముక్కలో చుట్టి రెండు చేతులూ దానిమీదే వేసుక్కూర్చుంది. రాత్రి నాకు విసుగొచ్చింది. "దాన్నెవరూ ఎత్తుకుపోరు, కాసేపు నడుం వాల్చవే" అని కసిరి, నేనే లాక్కుని బల్ల కిందకి తోశాను. పొద్దున్న సెంట్రల్‌లో కూలీల హడావిడిలో సామాను లెక్కపెట్టాను. హోల్డాలు, ట్రంకుపెట్టె, బుట్ట, కూజా. నాలుగూ ఉన్నాయి. చెంబు మొదట్నుంచీ నా లెక్కలో లేదు, ఆవిడ లెక్కలో ఉంది.

ఎగ్మోర్ ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాక అమ్మమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని నాకేసి చూసింది. ఏమీ అడగలేదు. వెనక్కి పరిగెత్తాను. అప్పటికే మేమొచ్చిన రైలు పెట్టెలు యార్డుకి వెళ్లిపోయాయి. కనబడినవాణ్నల్లా బతిమాలాను, ఒక కూలీని తిట్టాను కూడా. పాపం, వాడికేం సంబంధం?

రామేశ్వరం గుళ్లో గంగాజలం అమ్ముతారు. కొని తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. అభిషేకం చేయించింది. బయటికొచ్చాక, "మీ నాన్న మోసుకొచ్చింది కాదు కదరా" అని ఆ ఒక్కమాటే అంది. పోయేదాకా మళ్లీ ఆ ఊసెత్తలేదు. తిట్టినా బాగుండేది.

ఇక రామేశ్వరం దీవికి సముద్రం మీద వేసిన పాంబన్ రైలు వంతెన. నేను దాటింది 1914 నాటి పాత వంతెన. ఓడలొస్తే మధ్యభాగం రెండు చేతులెత్తినట్టు తెరుచుకునేది. కొత్తది 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు మొదలైంది. దాని మధ్యభాగం నిలువుగా పైకి లేస్తుందట. అర్ధరాత్రైనా సరే అమ్మని లేపి చూపించు. చిలికా సరస్సు పక్కనుంచి పోతున్నప్పుడు నీళ్లు ఒకవైపే, అక్కడ రెండువైపులా సముద్రమే.

నా భయమూ ఆ సముద్రమే. 1964 డిసెంబరులో, నాకు పన్నెండేళ్లప్పుడు, రామేశ్వరం దీవి చివరనున్న ధనుష్కోటికి వెళ్లే పాసింజరు బండిని ఉప్పెన జనంతో సహా మింగేసింది. ఒక్కరూ మిగల్లేదు. ఆ వార్త విన్నాక మా నాయనమ్మ వారంపాటు మమ్మల్ని గోపాల్‌పూర్ ఒడ్డుకి వెళ్లనివ్వలేదు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చిన రాత్రి మన పెరటి రేకులు ఏ వీధిలో పడ్డాయో నీకు గుర్తుందిగా? నువ్వేమో అదే డిసెంబరులో వెళ్తానంటున్నావు. తుపాను కబురుంటే టిక్కెట్టు డబ్బులు పోయినా పోనీ, మానుకో. గాలి ఎక్కువై బండిని వంతెనకి ఇవతలి మండపం స్టేషన్లో ఆపేస్తే ఎవరితోనూ వాదించకు. ధనుష్కోటి నుంచి చీకటి పడేలోపే వచ్చెయ్యాలి.

గుడి ఎదుటి సముద్రంలో, అదే అగ్నితీర్థంలో, మునిగాక గుళ్లో 22 తీర్థాల నీళ్లు పోసుకోవాలి. అమ్మ ఒక్కటి కూడా వదలనంటుంది. బావుల దగ్గర రాళ్లు తడిసి జారుతుంటాయి, చెయ్యి విడవకు. తడిబట్టలతో లోపలికి పోనివ్వరు, పొడిచీర సంచిలో పైనే ఉంచు. బయటి ప్రాకారంలో 1212 స్తంభాలున్నాయంటారు. లెక్కపెడదామని మొదలెట్టి నేను రెండొందల దగ్గర తప్పిపోయాను.

అక్కడ ముందు పూజ విశ్వలింగానికి. ముహూర్తం మించిపోతోందని సీతమ్మ ఇసుకతో చేసిన లింగాన్ని ప్రతిష్ఠించేశారు, తర్వాత హనుమంతుడు కైలాసం నుంచి ఇంకోటి తెచ్చాడు. చిన్నబోయిన అతనికి రాముడిచ్చిన మాట అది. ఆలస్యంగా వచ్చినదానికే తొలిపూజ. ఆ కథ ఎప్పుడు విన్నా నాకు బల్ల కింది చెంబు గుర్తొస్తుంది.

అమ్మమ్మ తెచ్చిన సేతువు ఇసుక పొట్లం ఇన్నేళ్లూ బీరువాలో ఉండిపోయింది. 2016లో నేను, అత్తయ్య వెళ్లి దాన్ని ప్రయాగలో కలిపాం. కాశీలో మళ్లీ ఒక చెంబు గంగ తెచ్చాం. రామేశ్వరం వెళ్లడానికి నా మోకాళ్లు ఒప్పుకోలేదు.

బోగీ నంబరు ముందురోజే చెప్పు. మీ బండి బరంపురంలో ఆగేది కొద్ది నిమిషాలే, నేను గంట ముందే వచ్చి నిలబడతాను. అమ్మని దిగనివ్వకు, కబుర్లలో పడితే దానికి బండి గుర్తుండదు. తలుపు దగ్గరికి నువ్వే రా. చెంబు నీ చేతికిస్తాను, తీసుకెళ్లి దాని ఒళ్లో పెట్టు.

మీ మామయ్య