డెబియన్‌లో నడిచిన ఫిల్టరు బీఎస్‌డీలో ఎందుకు మొరాయిస్తాది

అనంతపురం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కడపలో ఏడు రోడ్ల దగ్గర మీ జిరాక్స్ దుకాణంలో, ప్రతి పేజీ మీద టోకెన్ నంబరు వేసే నీ ఫిల్టరు (ప్రింటుకు పోయే సరుకును మధ్యలో మార్చే ప్రోగ్రాము) డెబియన్ అనే లైనక్స్‌లో బాగానే నడిచి, యూనిక్స్ వంశానికే చెందిన ఫ్రీబీఎస్‌డీ ఉన్న కొత్త సర్వరులో కదలడం లేదని రాసినావు. దాని చుట్టం ఓపెన్‌బీఎస్‌డీలోనూ పెట్టాలంటివి. మొత్తం తిరగరాయాలా అని అడిగినావు. అక్కర్లేదు. నంబరు వేసే లెక్క యాడైనా ఒకటే. ఫైళ్ల దారులు, షెల్లు (కమాండ్లు నడిపేది), యూజరు, యూఎస్‌బీ, ఈ నాలుగే సిస్టం సిస్టానికీ మారతాయి.

మొదట దారులు. డెబియన్‌లో కప్స్ (ప్రింటు పనులు నడిపే సాఫ్టువేరు) ఫిల్టర్లు యూఎస్‌ఆర్ కింద లిబ్‌లోని కప్స్ డైరెక్టరీలో ఉంటాయి. ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ రెండింట్లోనూ యూఎస్‌ఆర్ కింద లోకల్, అందులో లిబ్‌ఎగ్జెక్, అందులో కప్స్. నెట్‌బీఎస్‌డీలో లోకల్ బదులు పీకేజీ. సెట్టింగుల ఫైళ్లు ఇంకో తికమక: ఫ్రీబీఎస్‌డీలో లోకల్ కింద ఉండే ఈటీసీలో, ఓపెన్‌బీఎస్‌డీలో మాత్రం అసలు ఈటీసీలోనే. ఇవన్నీ బట్టీ పట్టొద్దు, ప్రోగ్రాములో రాసి పెట్టొద్దు. కప్స్-కాన్ఫిగ్ అనే కమాండు ఉంది. దానికి సర్వర్‌బిన్, సర్వర్‌రూట్, డేటాడిర్ అనే ఆప్షన్లు ఇస్తే ఆ మిషన్లో ఏది యాడుందో అదే చెప్తాది. నీ మేక్‌ఫైల్ (ప్రోగ్రామును కట్టి పెట్టే ఆదేశాల ఫైలు) ఆ జవాబు తీసుకుని ఇన్‌స్టాల్ చేయాల. మేక్‌ఫైల్‌లో గ్నూ మేక్‌కే తెలిసిన షరతులు వాడుంటే బీఎస్‌డీలో గ్నూ మేక్‌ను జీమేక్ అనే పేరుతో పిలవాల, లేకుంటే మొదటి లైన్లలోనే ఆగిపోతాది.

నీది సీ ప్రోగ్రామే అయినా దాన్ని పిలిచేది షెల్ స్క్రిప్టు కదా. మొదటి లైన్లో బిన్‌లోని బ్యాష్ షెల్లు అని రాసుంటావు. బీఎస్‌డీల బిన్‌లో బ్యాష్ ఉండదు. ప్యాకేజీగా వేసుకున్నా లోకల్ కిందికి పోతాది. బ్యాష్ కోసం ఎన్వ్ కమాండుతో తంటాలు పడేకన్నా మామూలు ఎస్‌హెచ్‌కు సరిపోయేలా రాయి. జంట చతురస్ర బ్రాకెట్లు, అర్రేలు తీసేయి. ఎకో మైనస్ ఈ బదులు ప్రింట్‌ఎఫ్ వాడు. సెడ్ మైనస్ ఐ ఫ్రీబీఎస్‌డీలో తర్వాతి మాటను బ్యాకప్ ఫైలు తోక అనుకుంటాది. తాత్కాలిక ఫైలులోకి రాసి పేరు మార్చుకుంటే గొడవే లేదు. డెబియన్‌లో ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే చిన్న షెల్లే కాబట్టి, అక్కడ మైనస్ ఎన్‌తో పరీక్షిస్తే సగం తప్పులు బయటపడతాయి. సగమే సుమా, అది వ్యాకరణం చూస్తాది గానీ కమాండ్ల తేడా చూడదు.

ఫిల్టరుకు కప్స్ ఇచ్చే మాటలు అన్ని సిస్టంలలోనూ ఇవే: జాబు నంబరు, యూజరు, టైటిల్, కాపీలు, ఆప్షన్లు. గొలుసులో మొదటిది నీ ఫిల్టరైతే ఆరోదిగా ఫైలు పేరు వస్తాది. మధ్యలో ఉంటే రాదు, స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదువుకోవాల. రెండూ చూసుకో. ఒక మిషన్లో మొదటి చోటున్న ఫిల్టరు ఇంకో మిషన్లో రెండో చోటికి పోతాది, ఎందుకంటే రెండు చోట్లా వేసుకున్న మార్పిడి ఫిల్టర్లు ఒకటే కావు. స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి ప్రింటు సరుకు తప్ప ఒక్క అక్షరం పోకూడదు. కబుర్లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌లోకి, ముందు డీబగ్ అనో ఎర్రర్ అనో కోలన్‌తో పెట్టి పంపు.

పర్మిషన్ల దగ్గర చానామంది బోల్తా పడతారు. ఫిల్టరు ఫైలు రూట్ అనే సర్వాధికారాలున్న యూజరుది కావాల, హక్కులు 0755 (రాసేది యజమాని ఒక్కడే, చదివేది నడిపేది అందరూ) ఉండాల. గ్రూపుకు రాసే హక్కు ఇచ్చినావంటే కప్స్ దాన్ని నడపనే నడపదు. ఫిల్టర్లు రూట్‌గా నడవవు: ఫ్రీబీఎస్‌డీలో కప్స్ అనే యూజరు, ఓపెన్‌బీఎస్‌డీలో ముందు అండర్‌స్కోరు ఉండే కప్స్. అందుకే నీ హోం డైరెక్టరీలో దాచుకున్న టోకెన్ లెక్కల ఫైలు, ఫాంట్లు దానికి కనబడకపోవచ్చు. లెక్కల ఫైలును వార్ కింద వేరే డైరెక్టరీలో ఆ యూజరు పేరుతో పెట్టు. బ్యాకెండు (జాబును ప్రింటరుకు చేరవేసే ప్రోగ్రాము) సంగతి వేరు: 0700 (హక్కులన్నీ యజమానికే) పెడితే రూట్‌గా నడుస్తాది, 0755 పెడితే మామూలు యూజరుగా.

ఇంకో చిక్కు. బీఎస్‌డీల్లో ఎల్‌పీడీ అనే పాత ప్రింటు ప్రోగ్రాము బేస్ సిస్టంలోనే వస్తాది, జాబు పంపే దాని ఎల్‌పీఆర్ కమాండు యూఎస్‌ఆర్ బిన్‌లో ఉంటాది. కప్స్ ఎల్‌పీఆర్ లోకల్ బిన్‌లో ఉంటాది. కమాండును వెతికే పాత్ వరసలో బేస్‌దే ముందు. నువ్వు ఎల్‌పీఆర్ అంటే కప్స్‌కు జాబే చేరదు, లాగ్‌లో ఏమీ ఉండదు, నువ్వేమో ఫిల్టరును తిట్టుకుంటా కూర్చుంటావు. పూర్తి దారితో పిలువు.

ఇక యూఎస్‌బీ. దీన్ని ఫిల్టరులోకి రానియ్యొద్దు, ఎంత ముద్దొచ్చినా సరే. ప్రింటరు పరికరం పేరు లైనక్స్‌లో ఎల్‌పీ0, బీఎస్‌డీల్లో యూఎల్‌పీటీ0. ఫ్రీబీఎస్‌డీలో యూఎన్‌ఎల్‌పీటీ0 అని ఇంకోటి కూడా, తెరిచినప్పుడు ప్రింటరును రీసెట్ చేయనిది. కప్స్ యూఎస్‌బీ బ్యాకెండు లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీ ద్వారా మాట్లాడతాది. ఫ్రీబీఎస్‌డీలో దానికి హక్కులు పరికరాల హక్కులు చూసే డెవ్‌ఎఫ్‌ఎస్ రూల్స్ ఫైలులో రాసి, సిస్టం సెట్టింగుల ఫైలు ఆర్‌సీ కాన్ఫ్‌లో ఆ రూల్‌సెట్ పేరు చెప్పాల. చేత్తో సీహెచ్‌మోడ్ కమాండు కొట్టి ఇచ్చిన హక్కులు రీబూట్‌తో పోతాయి. ఓపెన్‌బీఎస్‌డీలో కెర్నెల్లోని యూఎల్‌పీటీ డ్రైవరు ప్రింటరును ముందే పట్టుకుంటే లిబ్‌యూఎస్‌బీకి అందదు. ఆ డ్రైవరును ఆపాల, లేదా లిబ్‌యూఎస్‌బీని వదిలి యూఎల్‌పీటీ0తోనే పని కానియ్యాల.

మీ దగ్గరున్న హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి ఫూ2జెడ్‌జేఎస్ డ్రైవరు వేసుకో. దాని ఫర్మ్‌వేర్ (ప్రింటరు లోపల నడిచే ప్రోగ్రాము) ప్రింటరులో నిలవదు, ఆన్ చేసిన ప్రతిసారీ ఎక్కించాల. కరెంటు పోయి వచ్చినాక జాబులు పోతాయి గానీ కాగితం రాదు. ఎక్కించే పని, పరికరం తగలగానే స్పందించే ప్రోగ్రాములకు, అంటే లైనక్స్‌లో యూడెవ్‌కు, ఫ్రీబీఎస్‌డీలో డెవ్‌డీకి అప్పగించు. సోర్సు ఇవ్వకుండా లైనక్స్ బైనరీ మాత్రమే ఇచ్చే డ్రైవర్లున్న ప్రింటరు కొనొద్దు. ఫ్రీబీఎస్‌డీలో లైనక్స్ ప్రోగ్రాములు నడిపే పొరతో ఎట్లో నెట్టుకొస్తావేమో గానీ ఓపెన్‌బీఎస్‌డీ ఆ పొరను 2016లో 6.0 వెర్షన్‌తోనే తీసేసింది.

కొత్తది కొంటే ఎయిర్‌ప్రింట్ గానీ ఐపీపీ ఎవ్రీవేర్ గానీ ఉన్నదే కొను. క్యూలు పెట్టే ఎల్‌పీఅడ్మిన్ కమాండులో మోడల్ ఎవ్రీవేర్ అని, చిరునామా ఐపీపీతో మొదలై ఐపీపీ స్లాష్ ప్రింట్ దారితో ముగిసేలా ఇస్తే డ్రైవరు గొడవే లేదు, పోర్ట్ 631 అందితే చాలు. డబ్బు కొంచెం ఎక్కువైనా నేనైతే ఇదే అంటా. ప్రింటరును అదే వెతుక్కోవాలంటే బీఎస్‌డీలో డీబస్, అవాహీ అనే సర్వీసులు రెండూ నడవాల. అంత అవసరం లేదు, రౌటర్లో ప్రింటరుకు స్థిరమైన ఐపీ ఇచ్చేయి. నెట్‌వర్కులో ప్రింటర్లను వెతికే కప్స్-బ్రౌజ్డ్ నడుస్తా ఉంటే ఆపేయి: 2024 సెప్టెంబరులో బయటపడిన లోపాల్లో ఒకటి, అది యూడీపీ 631 మీద ఎవరు పంపినా నమ్మేయడమే.

తెలుగు ప్రింటు గురించి: మామూలు టెక్స్ట్ ఫైలును నేరుగా పంపొద్దు. కప్స్ టెక్స్ట్ ఫిల్టరు ఒత్తులు, గుణింతాలు పేర్చదు, "స్త్రీ" ముక్కలై వస్తాది. అక్షరాలు పేర్చే ప్యాంగో లైబ్రరీతో పనిచేసే ప్యాప్స్ కమాండు ద్వారా గానీ, లిబ్రెఆఫీస్‌లో పీడీఎఫ్ చేసి గానీ పంపు. పీడీఎఫ్‌ఫాంట్స్ కమాండులో ప్రతి ఫాంటుకూ ఎంబ్ (ఫాంటు ఫైలులోనే ఉందా అనేది) కింద యెస్ అని ఉండాల. లేకుంటే సర్వరు తన దగ్గరున్న ఏదో ఫాంటు వేసేస్తాది. కాగితం సైజు ప్రతి క్యూకూ ఏ4 అని చెప్పు. లెటర్ అని ఉండిపోతే ప్రింటరు లేని కాగితం అడుగుతా నిలబడతాది.

కాగితం పారేయకుండా పరీక్షించు. ముందు ఫిల్టరును చేత్తో ఐదు మాటలిచ్చి ఒకసారి, ఆరిచ్చి ఒకసారి నడుపు. తర్వాత కప్స్‌ఫిల్టర్ కమాండుతో గొలుసు మొత్తం. వచ్చిన ఫైళ్లను బైటు బైటుకూ పోల్చొద్దు, పీడీఎఫ్‌లో తయారైన టైము ఉంటాది కాబట్టి ఎప్పుడూ తేడా చూపిస్తాది. ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో 100 డీపీఐ బొమ్మలు చేసి వాటిని పోల్చు. అప్పటికీ తేలకపోతే కప్స్‌సీటీఎల్‌తో డీబగ్ లాగింగ్ పెట్టి, ఒకే ఒక్క జాబు పంపి, వార్ లాగ్‌లోని ఎర్రర్ లాగ్ నాకు పంపు. అందులో కస్టమర్ల ఫైళ్ల పేర్లుంటాయి, ముందు అవి తీసేయి.

ఇట్లు,
మామయ్య