డేవ్ రైకర్ట్: షెరీఫ్‌ని చూసి ఓటేశాను, ఓట్ల లెక్క తర్వాత చదివాను

మీరు అడిగింది: "వాషింగ్టన్ రాష్ట్రంలో షెరీఫ్‌గా చేసి అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు వెళ్ళిన డేవ్ రైకర్ట్ పార్టీని కాదని ఓటేసేవారంటారు. నిజమేనా? అక్కడ ఉన్నవాళ్ళెవరైనా చెప్పండి."

నిజమే, కానీ సగమే.

నేను 2004 నుంచి సియాటిల్‌కు తూర్పున సమామిష్‌లో ఉంటున్నాను. నేను వచ్చిన ఏడాదే ఆయన రిపబ్లికన్ పార్టీ తరఫున మొదటిసారి గెలిచారు. వీసా, గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ అన్నీ దాటుకుని నా చేతికి ఓటు వచ్చేసరికి 2015 అయింది. అప్పటిదాకా ఇళ్ళ ముందు గడ్డిలో గుచ్చిన బోర్డుల మీద ఆయన పేరు చదవడమే నా రాజకీయం.

ముందు షెరీఫ్ సంగతి. మనవాళ్ళు ఎస్పీతో పోలుస్తారు గానీ ఎస్పీని ప్రభుత్వం వేస్తుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది. ఇక్కడ చాలా కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) షెరీఫ్‌ని జనమే ఎన్నుకుంటారు. హిందూపురంలో గోరంట్ల మాధవ్ సీఐ ఉద్యోగం వదిలి 2019లో నేరుగా ఎంపీ అయ్యారు. రైకర్ట్ అలా కాదు, కాంగ్రెస్‌కు నిలబడేనాటికే ఓట్లు అడగడం అలవాటైన మనిషి. 1972లో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ పోలీసుల్లో చేరి, 1997లో షెరీఫ్ అయ్యారు. (2020లో ఇదే కౌంటీ జనం ఓటేసి ఆ పదవిని మళ్ళీ నియామకానికి మార్చేశారు. అది వేరే కథ.) మా ఊరికి సొంత పోలీసు శాఖ లేదు. కాంట్రాక్టు మీద షెరీఫ్ ఆఫీసే చూసుకుంటుంది. అందుకే ఇక్కడ షెరీఫ్ అంటే టీవీలో మనిషి కాదు, వీధిలో తిరిగే కారు.

ఆయనకు పేరు తెచ్చింది గ్రీన్ రివర్ కేసు. 1982లో ఆ నది ఒడ్డున ఆడవాళ్ళ శవాలు దొరకడం మొదలైనప్పుడు ఆయన కుర్ర డిటెక్టివ్. గ్యారీ రిడ్జ్‌వే మీద మొదట్లోనే అనుమానం వచ్చింది, 1984లో పాలీగ్రాఫ్ పెట్టి వదిలేశారు. 1987లో వాడి ఉమ్మి నమూనా తీసి దాచారు. దాన్ని పోల్చి చూడగల డీఎన్ఏ పరీక్ష అందుబాటులోకి వచ్చి, అరెస్టు చేసేసరికి 2001 నవంబర్. 2003లో వాడు 48 హత్యలు ఒప్పుకున్నాడు. మిగిలిన శవాల ఆచూకీ చెప్పినందుకు ఉరి తప్పి యావజ్జీవం పడింది. అప్పుడు షెరీఫ్ రైకర్టే. మరుసటి ఏడాదే కాంగ్రెస్ టికెట్. కేసు తేలింది చాలామంది శ్రమ వల్ల, ఒక ల్యాబు వల్ల. అయితే ఎన్నికల్లో ల్యాబు ఫొటో ఎవరు వేస్తారు?

ఇక ఓట్లు. మన దేశంలో 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది, విప్ ధిక్కరిస్తే సీటుకే ముప్పు. ఇక్కడ అలాంటిది లేదు, కాబట్టి ఒక్కొక్కరు ఎటు వేశారో చదవడంలో అర్థం ఉంది. ప్రతినిధుల సభ (మన లోక్‌సభ లాంటిది) క్లర్క్ వెబ్‌సైట్‌లో ప్రతి ఓటూ పేరుతో సహా ఉంటుంది. నేను చూసేవి రెండు: ఎంత తేడాతో తేలింది, పార్టీని కాదన్నవాళ్ళు ఆయన కాక ఇంకెందరు.

2005 మార్చిలో, ఆయన సభలో అడుగుపెట్టిన మూడో నెలలో, టెర్రీ షయావో కేసు వచ్చింది. ఫ్లోరిడాలో ఏళ్ళ తరబడి స్పృహ లేకుండా ఉన్న ఆమెకు ఆహారం ఎక్కించే గొట్టం కోర్టు తీయించింది. ఆ వ్యవహారం ఫెడరల్ కోర్టుకు పోయేలా బిల్లు తేవడానికి పార్టీ అర్ధరాత్రి సభ పెట్టింది. 203–58తో నెగ్గింది. వద్దన్న రిపబ్లికన్లు ఐదుగురే, వాళ్ళలో ఈయన ఒకరు. కొత్త సభ్యుడికి అది చిన్న తెగువ కాదు.

2009లో కర్బన ఉద్గారాలకు పరిమితి పెట్టే వాతావరణ బిల్లు. 219–212. అవునన్న రిపబ్లికన్లు ఎనిమిది మంది, అందులో ఈయన. లెక్క వేసి చూడండి: నలుగురు అటు మారి ఉంటే బిల్లు పోయేది. నా దృష్టిలో ఆయన వేసిన ఓట్లలో నిజంగా బరువున్నది ఇదే, సెనేట్‌లో ఆ బిల్లు ఓటు దాకా రాకుండానే ఆగిపోయినా సరే. 2010 మార్చిలో ఒబామా ఆరోగ్య చట్టానికి మాత్రం వ్యతిరేకంగా వేశారు. అదే డిసెంబర్‌లో స్వలింగ సంపర్కులు సైన్యంలో దాచుకోకుండా పనిచేయొచ్చన్న బిల్లుకు అవునన్నారు, ఆయన పార్టీలో అలా వేసినవాళ్ళు 15 మంది.

ఇప్పుడు ఆ రోజుల్లో ఆయన సీటు సంగతి చూడండి. బెల్‌వ్యూ లాంటి ఊళ్ళున్న నియోజకవర్గం, చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు 51, 52 శాతంతో గెలుపు. 2006, 2008లో పోటీ పడిన డార్సీ బర్నర్, 2010లో పోటీ పడిన సుజాన్ డెల్‌బెనీ ఇద్దరూ మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు. మా ఆఫీసు క్యాంటీన్‌లో సగం మంది వాళ్ళ వైపే. 2006లో ఒక పార్టీ సమావేశంలో రైకర్టే బయటపెట్టేశారు: మెజారిటీ నిలబడాలి కాబట్టి ఫలానా ఓటు ఇలా వెయ్యమని నాయకులే వచ్చి చెప్తే వేస్తాను, కొన్నిసార్లు మాత్రం కాదంటాను అని. కాదన్నదానికి ఉదాహరణగా షయావో ఓటునే చెప్పుకున్నారు. ఇంత సూటిగా ఒప్పుకున్న నాయకుణ్ణి నేను చూడలేదు, మన దగ్గరైనా ఇక్కడైనా.

2012లో హద్దులు మార్చారు. బెల్‌వ్యూ పోయింది, కాస్కేడ్ కొండలకు అవతల ఆపిల్ తోటల వెనాచీ వచ్చి చేరింది. గెలుపు 60 శాతానికి చేరింది. అయినా పూర్తిగా మారిపోయారనలేను. 2014లో డెమోక్రాట్లతో కలిసి ఆల్పైన్ లేక్స్ అరణ్యానికి 22 వేల ఎకరాల దాకా కలిపించారు. వారాంతాల్లో ఆ దారుల్లో నడిచేవాళ్ళలో తెలుగు మాట వినపడని రోజుండదు.

2016లో నా మొదటి బ్యాలెట్ పోస్టులో వచ్చింది. ఇక్కడ అంతా పోస్టులోనే. పైన హిల్లరీ క్లింటన్‌కి, కింద రైకర్ట్‌కి గీశాను. నాలాంటివాళ్ళు వేలల్లో ఉన్నారని తర్వాత తెలిసింది. ఆవిడ ఈ నియోజకవర్గంలో 3 శాతం ఆధిక్యం తెచ్చుకుంటే, ఈయన 60 శాతంతో గెలిచారు.

2017లో గానీ నేను ఓట్ల జాబితా తెరవలేదు. మే నెలలో ఒబామా ఆరోగ్య చట్టాన్ని తీసేసే బిల్లు 217–213తో సభ దాటింది. కాదన్న 20 మంది రిపబ్లికన్లలో ఈయన ఉన్నారు. మా ఇంట్లో సంతోషించాం. సెప్టెంబర్‌లో ఇక పోటీ చేయనని ప్రకటించారు. డిసెంబర్‌లో పన్నుల చట్టం వచ్చింది. 12 మంది రిపబ్లికన్లు కాదన్నారు, ఈయన అవునన్నారు. రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపును అది 10,000 డాలర్లకు కట్టేసింది. సమామిష్‌లో చాలా ఇళ్ళకు ఆస్తి పన్నే దానికి దగ్గరగానో పైగానో ఉంటుంది. ఎక్కువమంది గమనించనిది ఇంకోటుంది: ఆరోగ్య బీమా కొనకపోతే వేసే జరిమానాను కూడా ఆ చట్టమే సున్నా చేసింది. మేలో కాదన్నదాంట్లో ఒక ముఖ్యమైన ముక్కకు డిసెంబర్‌లో అవునన్నట్టే కదా! మేలో ఆయన ఓటు లేకపోయినా బిల్లు నెగ్గింది, పార్టీకి పోయిందేమీ లేదు. మళ్ళీ జనం ముందుకు వెళ్ళే పని లేనప్పుడు వేసిన ఓటు ఇది. పన్నుల కమిటీలో ఏళ్ళ తరబడి ఉన్న మనిషి, తన నమ్మకం కొద్దీ వేశారనుకునేవాళ్ళూ ఉన్నారు. అదీ కాదనలేను.

2018లో ఆ సీటు పిల్లల డాక్టర్ కిమ్ ష్రైయర్ గెలిచారు, ఆ నియోజకవర్గం పుట్టాక గెలిచిన మొదటి డెమోక్రాట్.

2024లో రైకర్ట్ మళ్ళీ ఎన్నికల్లోకి వచ్చారు, ఈసారి గవర్నర్ పదవికి. కరపత్రాల్లో మళ్ళీ అదే షెరీఫ్. బ్యాలెట్ కవరు వంటింటి బల్ల మీద పెట్టి, పక్కన ల్యాప్‌టాప్‌లో ఈ జాబితా అంతా తెరిచి, రెండు రాత్రులు కూర్చున్నాను. ఆయన బాబ్ ఫెర్గసన్ చేతిలో 44 శాతంతో ఓడిపోయారు. నా గీత ఎటు పడిందో మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తను ఎటు గీసిందో నాకు ఇప్పటికీ చెప్పలేదు.