టెక్ సందేహాలు: జిగురుతో అతికించే చక్రాలు మనకు పనికొస్తాయా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. బరువు 72 కిలోలు. రిమ్‌నే నొక్కి ఆపే రిమ్ బ్రేకులు, పది గేర్ల క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి) ఉన్న పాత రోడ్ సైకిల్ నాది. నెలకోసారి అరకు రూట్లో అనంతగిరి ఘాట్ ఎక్కుతాం, గంటన్నర పడుతుంది. ఇప్పుడున్న చక్రాల జత బరువు 1,800 గ్రాములు. 1,200 గ్రాముల కార్బన్ ట్యూబులర్ (టైరును జిగురుతో అతికించే రకం) జత ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చౌకగా దొరుకుతోంది. తీసుకోవచ్చా? తేలిగ్గానూ నమ్మకంగానూ ఉండే ట్యూబులర్ చక్రాలను ఎలా ఎంచుకోవాలి?

జవాబు: చౌకగా ఎందుకు వస్తోందో ముందు చూద్దాం. అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ, అంతే. ఒకప్పుడు రేసర్లు దాదాపు అందరూ ట్యూబులర్లే వాడేవారు. 2010లో ఫాబియాన్ కాన్సెలారా ఫ్రాన్స్‌లోని పారి-రూబె రేసులో రాళ్లు పరిచిన దారుల మీద గెలిచింది కార్బన్ ట్యూబులర్లతోనే. అదే రేసును 2021లో వానలో, బురదలో సన్నీ కోల్‌బ్రెల్లి గెలిచాడు, లోపల ట్యూబు లేని ట్యూబ్‌లెస్ టైర్లతో. రేసర్లు మారాక వాళ్లను చూసి కొన్నవాళ్లూ మారారు. అప్పుడు అటకెక్కిన చక్రాలే ఇప్పుడు కిందికి దిగుతున్నాయి. కాబట్టి ధర తక్కువని అనుమానపడక్కర్లేదు. అనుమానపడాల్సినవి వేరే ఉన్నాయి.

మామూలు సైకిల్ టైరు అంచులు రిమ్ గోడల్ని పట్టుకుని కూర్చుంటాయి. ట్యూబులర్‌లో ట్యూబును టైరులోనే పెట్టి అడుగున కుట్టేస్తారు. దాని రిమ్‌కు గోడలుండవు, పైన చిన్న పల్లం మాత్రమే ఉంటుంది. ఆ పల్లంలో టైరును జిగురుతో అతికించాలి. గోడలు లేకపోవడం వల్లే రిమ్ అంత తేలిక. దాని గొప్పా అదే, దానితో తలనొప్పీ అదే.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. జత మీద 600 గ్రాములు తగ్గుతాయి, బాగానే ఉంది. కానీ ఇన్నాళ్లూ జేబులో 100 గ్రాముల ట్యూబు పెట్టుకుని వెళ్లేవారు. ఇకమీదట సీటు కింద ఒక ట్యూబులర్ టైరే కట్టుకుని వెళ్లాలి, అది 290 గ్రాముల దాకా ఉంటుంది. అంటే నికరంగా తగ్గేది సుమారు 400 గ్రాములు. మీరు, సైకిలు, నీళ్ల బాటిళ్లు కలిపి 83 కిలోలు అనుకుంటే అది అర శాతం కూడా కాదు. గంటన్నర ఘాట్‌లో మిగిలేది 26 సెకన్లు. దారిలో టీ బండి దగ్గర చిల్లర కోసం ఆగితే అంతకన్నా ఎక్కువ పోతుంది. తిరిగే బరువు రెట్టింపు బరువుతో సమానమని అంటారు కదా, అది వేగం పుంజుకునేటప్పటి మాట. ఒకే ఊపున ఎక్కేటప్పుడు రిమ్ మీది గ్రాము, బాటిల్లోని గ్రాము ఒకటే.

ఎక్కడం కన్నా నాకు దిగడం గురించే టెన్షన్. రిమ్ బ్రేకు పట్టిన ప్రతిసారీ రిమ్ వేడెక్కుతుంది. అల్యూమినియం ఆ వేడిని త్వరగా వదిలేస్తుంది, కార్బన్ పట్టుకుని కూర్చుంటుంది. వేడికి జిగురు మెత్తబడుతుంది. 2003 టూర్ ద ఫ్రాన్స్‌లో గాప్ పట్టణానికి దిగే రోడ్డు మీద ఎండకు తారు కరిగింది. బ్రేకు వేసిన స్పెయిన్ రేసర్ హోసెబా బెలోకి వెనక చక్రం జారి, టైరు రిమ్ నుంచి ఊడింది. తొడ ఎముక విరిగింది. అతని చక్రాలకు జిగురు వేసింది చేయి తిరిగిన టీమ్ మెకానిక్కులు. మన సైకిలుకు వేసేది మనమే. దానికి తోడు వానలో కార్బన్ రిమ్ మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది. విశాఖలో వాన గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకని ట్యూబులరే కావాలంటే నా ఓటు అల్యూమినియం రిమ్‌కే. మావిక్ జీపీ4, అంబ్రోసియో నెమెసిస్ లాంటివి ఈ రకానివే. నెమెసిస్‌ను రూబె రాళ్ల మీద వాడారు, ఇంకేం కావాలి? మీ బరువుకు ముందు 28, వెనక 28 లేదా 32 పుల్లలతో (స్పోకులతో) చేత్తో అల్లించుకోండి. 20 పుల్లల చక్రంలో ఒక్కటి తెగినా రిమ్ వంకరపోయి బ్రేకుకు రాసుకుంటుంది, ఇంటికి రావడం కష్టం. 32 ఉంటే బ్రేకు కాస్త వదులు చేసుకుని వచ్చేయొచ్చు. బరువు తగ్గాలంటే పుల్లల సంఖ్య తగ్గించకండి, సన్న పుల్లలు వేయించండి. సేపిమ్ సీఎక్స్-రే పుల్ల ఒక్కోటి నాలుగున్నర గ్రాముల లోపే. హబ్‌లో (చక్రం నడిమి భాగంలో) కార్ట్రిడ్జ్ బేరింగులుంటే ఎక్కడైనా మార్పించుకోవచ్చు.

ఇంత చెప్పినా మనసు ఆ కార్బన్ జత మీదే ఉంటే ఫోటోలు చూసి డబ్బు పంపకండి. వెళ్లి చూడండి. పాత టైరు తీయించి రిమ్ పల్లం చూడండి. పుల్లల రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించినా వద్దు. రూపాయి బిళ్లతో రిమ్ చుట్టూ తట్టుకుంటూ రండి, ఒక్కచోట మాత్రం బోలుగా, మొద్దుగా మోగితే అక్కడ పొర విడిపోయిందేమో అని అనుమానించాలి. బ్రేకు పడే పట్టీని గోటితో తడమండి, ఉబ్బు గానీ గుంట గానీ తగలకూడదు. చక్రం తిప్పి, అంచు పక్కలకు ఊగుతోందేమో చూడండి. కాస్త బెండు ఉంటే తీయించొచ్చు, అది పెద్ద విషయం కాదు. ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) షిమానో కంపెనీదా, కాంపాగ్నోలోదా అడగండి. షిమానో 11 స్పీడ్‌దైతే స్పేసర్ (సన్నటి రింగు) వేసి మీ పది గేర్ల క్యాసెట్ ఎక్కించొచ్చు. రిమ్ వెడల్పు కొలవండి, మరీ వెడల్పైతే పాత బ్రేకుల్లో పట్టదు. బ్రేకు ప్యాడ్లు కార్బన్‌కు చేసినవే కొత్తవి వేయాలి. పాత ప్యాడ్లలో అల్యూమినియం పొడి ఇరుక్కుని ఉంటుంది, అది కార్బన్‌ను గీకేస్తుంది.

ఇక జిగురు. ముందు టైరును పొడిగా రిమ్ మీద ఎక్కించి, గాలి కొట్టి ఒక రోజు ఉంచండి, సాగుతుంది. తర్వాత రిమ్‌కు రెండు మూడు పల్చటి పూతలు, టైరు అడుగున ఒకటి రెండు. పూతకూ పూతకూ మధ్య ఆరాలి. చివరి పూత తడిగా ఉండగా టైరెక్కించి, నిటారుగా కూర్చుందో లేదో సరిచూసి, గాలి కొట్టి మరో రోజు వదిలేయాలి. మొదటిసారి నేను తొందరపడి అన్నీ ఒకే సాయంత్రం కానిచ్చాను. మూడు రోజులు వేళ్లు అన్నం మెతుకుల్ని వదల్లేదు, టైరు మాత్రం రిమ్‌ను వదిలేసింది. బయలుదేరే ముందు గాలి తీసి బొటనవేళ్లతో టైరును పక్కకు గట్టిగా నెట్టండి. ఎక్కడైనా అంచు లేచి రిమ్ కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి. ఇంత ఓపిక లేకపోతే జిగురు బదులు రెండు వైపులా అంటుకునే ట్యూబులర్ టేప్ వాడొచ్చు, ఒక్క పూటలో అయిపోతుంది. అదీ కుదరదంటే మామూలు చక్రాల్లోనే తేలికైన జత, మంచి టైర్లు కొనుక్కోండి. నిజానికి మీకు నేను చెప్పేది అదే.

ప్రశ్న: ట్యూబులర్ పంక్చరైతే మామూలు పంక్చర్ షాపులో వేస్తారా? (కరీంనగర్)

జవాబు: వేయరు, అది వాళ్ల తప్పు కాదు. అడుగున పట్టీ పీకి, కుట్లు విప్పి, ట్యూబు బయటికి తీసి, సొల్యూషన్ పెట్టి ప్యాచ్ వేసి, మళ్లీ కుట్టి, పట్టీ అతికించాలి. సూది దారం, రెండు గంటలు, బోలెడు సహనం కావాలి. చిన్న ముల్లు గుచ్చుకుంటే సీలెంట్‌తో (లోపల పోస్తే చిల్లును మూసే ద్రవంతో) సరిపోతుంది. వాల్వ్ లోపలి కోర్ విప్పి దాన్ని పోయొచ్చా లేదా అన్నది కొనేటప్పుడే చూసుకోండి. ఒక్క సుఖం మాత్రం ఉంది: గాలి మొత్తం పోయినా జిగురు గట్టిగా ఉంటే టైరు రిమ్ మీదే ఉంటుంది, మెల్లగా ఆగొచ్చు.

ప్రశ్న: ట్యూబ్‌లెస్, ట్యూబులర్ ఒకటేనా? (ఒంగోలు)

జవాబు: కాదు. మీ స్కూటర్‌కు ఉన్నది ట్యూబ్‌లెస్, అందులో ట్యూబు ఉండదు. ట్యూబులర్‌లో ట్యూబును టైరులో పెట్టి కుట్టేస్తారు. ఆన్‌లైన్లో ఒకటనుకుని ఇంకొకటి కొనేస్తున్నారు. ట్యూబులర్ టైరు మీ రిమ్ మీద కూర్చోదు, ఆర్డర్ పెట్టే ముందు పేరు పూర్తిగా చదవండి.