మజిల్ షోల్స్ స్టూడియోలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పాత అమెరికన్ సోల్ (నల్లజాతి అమెరికన్ల పాటల శైలి) రికార్డుల వివరాల్లో కొన్నిచోట్ల ఫేమ్ స్టూడియో అని, కొన్నిచోట్ల మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియో అని ఉంటుంది. రెండూ ఒకటేనా?

జవాబు: కావు. యజమానులు వేరు, ఊళ్లూ వేరే. అలబామా రాష్ట్రం వాయవ్య మూలన, టెనెసీ నదికి ఇటూ అటూ ఫ్లోరెన్స్, షెఫీల్డ్, టస్కంబియా, మజిల్ షోల్స్ అనే నాలుగు చిన్న ఊళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. బయటివాళ్లు నాలుగింటినీ కలిపి మజిల్ షోల్స్ అనేస్తారు. తికమకంతా అక్కడే మొదలవుతుంది.

ఫేమ్ 1959లో ఫ్లోరెన్స్‌లో ఒక మందుల దుకాణం పైఅంతస్తులో పుట్టింది. ‘ఫ్లోరెన్స్ అలబామా మ్యూజిక్ ఎంటర్‌ప్రైజెస్’ అన్న మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. రిక్ హాల్, బిల్లీ షెరిల్, టామ్ స్టాఫర్డ్ భాగస్వాములు. కొద్దికాలానికే విడిపోయారు. పేరు హాల్‌కు దక్కింది. ఆయన నది దాటి మజిల్ షోల్స్‌లో ఒక పాత గోదాములో పని మొదలుపెట్టారు. 1961లో ఆర్థర్ అలెగ్జాండర్ పాడిన ‘యు బెటర్ మూవ్ ఆన్’ అక్కడే రికార్డయింది. ఆ పాట తెచ్చిన డబ్బుతోనే ఈస్ట్ అవలాన్ అవెన్యూలో ఇప్పుడున్న భవనం కట్టారు. అందుకే పేరులో ఫ్లోరెన్స్ ఉన్నా స్టూడియో ఉన్నది మజిల్ షోల్స్‌లో.

రెండో స్టూడియో ఫేమ్ నుంచి బయటికొచ్చిన వాద్యకారులది. రోజర్ హాకిన్స్ (డ్రమ్స్), డేవిడ్ హుడ్ (బేస్), జిమ్మీ జాన్సన్ (గిటార్), బ్యారీ బెకెట్ (కీబోర్డ్) 1969లో ఫేమ్ వదిలి, అట్లాంటిక్ రికార్డ్స్‌కు చెందిన జెర్రీ వెక్స్‌లర్ అండతో షెఫీల్డ్‌లో సొంత స్టూడియో తెరిచారు. చిరునామా 3614 జాక్సన్ హైవే. ఒకప్పుడు శవపేటికలు అమ్మిన చిన్న కట్టడం అది. అదే ఏడాది వచ్చిన గాయని షేర్ (Cher) ఆల్బమ్‌కు ఆ చిరునామానే పేరుగా పెట్టారు. డిసెంబరులో రోలింగ్ స్టోన్స్ మూడు రోజులు అక్కడ ఉండి ‘బ్రౌన్ షుగర్’, ‘వైల్డ్ హార్సెస్’, ‘యు గాటా మూవ్’ పాటలు రికార్డు చేసుకున్నారు. 1970ల చివర్లో ఈ స్టూడియో షెఫీల్డ్‌లోనే అలబామా అవెన్యూకు మారింది. కాబట్టి 1980ల నాటి రికార్డు మీద ఈ స్టూడియో పేరు కనిపిస్తే జాక్సన్ హైవే గదిని ఊహించుకోకండి.

ప్రశ్న: పర్సీ స్లెడ్జ్ పాడిన ‘వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ వుమన్’ (1966) ఈ రెండింటిలో ఎక్కడిది?

జవాబు: రెండింటిలోనూ కాదు. షెఫీల్డ్‌లో క్విన్ ఐవీ నడిపిన నోరాలా స్టూడియోలో రికార్డయింది. ఆ పాటను వెక్స్‌లర్‌కు చేరవేసిన మనిషి మాత్రం ఫేమ్ యజమాని రిక్ హాల్. అట్లాంటిక్‌తో ఈ ఊరికి బంధం గట్టిపడింది అప్పుడే. తర్వాత విల్సన్ పికెట్‌నూ, 1967 జనవరిలో అరీథా ఫ్రాంక్లిన్‌నూ వెక్స్‌లర్ ఫేమ్‌కు తీసుకొచ్చారు. అరీథా సెషన్ గొడవతో ఒక్కరోజులోనే ఆగిపోయింది. అయినా ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్’ ఆ రోజే పూర్తయింది. పాట నడక ఎంతకీ కుదరక అందరూ తడుముకుంటుంటే, కీబోర్డ్ వాద్యకారుడు స్పూనర్ ఓల్డ్‌హామ్ వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో మీద పట్టుకున్న ఎత్తుగడే దారి చూపింది. సగంలో ఉన్న రెండో పాటను న్యూయార్క్‌లో ముగించారు.

ప్రశ్న: స్వరలిపి కాగితాలు లేకుండా అంత వేగంగా ఎలా వాయించేవారు? అన్ని వాద్యాలూ ఒకే గదిలో మోగుతుంటే శబ్దాలు కలిసిపోవా?

జవాబు: కాగితం ఉండేది, కానీ దాని మీద అంకెలే. పాట డెమో (నమూనా రికార్డింగు) విని, కార్డ్‌లను (chords, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులను) 1, 4, 5 అని రాసుకుంటారు. సి శ్రుతిలో 1 అంటే సి, 4 అంటే ఎఫ్, 5 అంటే జి. గాయకుడికి గొంతు అందక శ్రుతి డికి పెంచితే అవే అంకెలు డి, జి, ఎ అవుతాయి. కాగితం తిరిగి రాయక్కర్లేదు. మనకు శ్రుతి మారినా స, మ, ప పేర్లు మారనట్టే. మిగతాదంతా వింటూ, వాయిస్తూ అక్కడికక్కడ కూర్చుకునేదే.

ఇక శబ్దాలు కలవడం గురించి. కలుస్తాయి. శబ్దం మీటరు దూరం వెళ్లడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. డ్రమ్స్ శబ్దం తన మైక్‌లో ముందూ, మూడు మీటర్ల అవతల గిటార్ మైక్‌లో 9 మిల్లీసెకన్లు ఆలస్యంగానూ పడుతుంది. అన్ని మైక్‌ల శబ్దాలనూ కలిపే మిక్స్‌లో రెండూ కలిస్తే కొన్ని స్వరస్థాయిలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, డ్రమ్ బోలుగా వినిపిస్తుంది. అందుకే మైక్‌ను వాద్యానికి బాగా దగ్గరగా పెట్టి, మధ్యలో అడ్డుపలకలు నిలబెడతారు. ఒక మైక్ తన వాద్యానికి ఎంత దూరంలో ఉందో, పక్క మైక్ దానికి కనీసం మూడింతల దూరంలో ఉండాలన్నది పాత లెక్క.

అసలు చిక్కు తప్పు దిద్దేటప్పుడు వస్తుంది. గాయకుడి గొంతు డ్రమ్స్ మైక్‌లోకి జారితే, తర్వాత కొత్తగా పాడించినా వెనక పాత గొంతు దెయ్యంలా వినిపిస్తూనే ఉంటుంది. పైగా 8 ట్రాకుల యంత్రంలో (ట్రాక్ అంటే టేపు మీద విడిగా రికార్డు చేసుకునే ఒక వరుస) డ్రమ్స్‌కు ఒకటో రెండో, బేస్, గిటార్, కీబోర్డ్‌లకు ఒక్కొక్కటి ఇచ్చేస్తే హార్న్స్‌కూ (ట్రంపెట్, శాక్సోఫోన్ లాంటి ఊదే వాద్యాలు) గొంతుకూ మిగిలేవి మూడు నాలుగే. మూడు ట్రాకులను ఒకదానిలోకి కలిపితే చోటు దొరుకుతుంది కానీ టేప్ రొద పెరుగుతుంది, కలిపినవి మళ్లీ విడదీయలేం. ఇలాంటి చోట నలుగురూ కలిసి మొదటినుంచి చివరిదాకా తప్పులేకుండా ఒక టేక్ వాయించగలగడమే అన్నిటికంటే గొప్ప పరికరం. ఆ నలుగురితో పాటు ఆ ‘సౌండ్’ కూడా అవలాన్ అవెన్యూ నుంచి జాక్సన్ హైవేకు తరలిపోవడానికి కారణం అదే. గోడల్లో మహిమ వెతికేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ప్రశ్న: ఆ వాద్యకారులు నల్లజాతివారు కారా?

జవాబు: పైన చెప్పిన నలుగురూ తెల్లవారే. స్టేపుల్ సింగర్స్ 1972 పాట ‘ఐల్ టేక్ యు దేర్’లో ఆ బేస్ డేవిడ్ హుడ్‌దంటే చాలామంది నమ్మలేరు. 1963లో జాతివివక్షను సమర్థిస్తూ గవర్నర్ జార్జ్ వాలెస్ విశ్వవిద్యాలయం గుమ్మానికి అడ్డంగా నిలబడిన రాష్ట్రం అది. అలాంటిచోట నల్లజాతి గాయకులూ తెల్లజాతి వాద్యకారులూ ఒకే గదిలో కూర్చుని పాట కట్టారు. ఈ మాట చెప్పకుండా ఈ ఊరి చరిత్ర చెప్పకూడదు. 1969 తర్వాత హాల్ ఫేమ్‌లో కూర్చుకున్న కొత్త బృందంలో రెండు జాతులవారూ ఉన్నారు.

ప్రశ్న: ఆనాటి టేపులు ఇప్పుడు మోగుతాయా? ‘బేక్’ చేయాలంటారు, నిజమేనా?

జవాబు: అన్నిటికీ కాదు. 1970ల మధ్య నుంచి 1980లలో వచ్చిన కొన్ని రకాల పాలియెస్టర్ టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది. మెషిన్ మీద వేస్తే కీచుమంటూ పొడి రాలి, టేపును చదివే హెడ్‌లకు అంటుకుంటుంది. అది వినబడగానే ఆపేయాలి. అలాంటి రీలును సుమారు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సన్నని టేపైతే ఎనిమిది గంటలు, వెడల్పు టేపైతే ఇంకా ఎక్కువసేపు, నిలకడైన వేడిలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక మోగించి వెంటనే కాపీ తీసుకోవాలి. వంటింటి ఓవెన్ వాడొద్దు, వేడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. 1960ల అసిటేట్ (పాలియెస్టర్ కాని పాత రకం ప్లాస్టిక్) టేపును మాత్రం బేక్ చేయనే కూడదు, పాడైపోతుంది. రీలును దీపానికి అడ్డంగా పట్టి చూడండి. వెలుతురు చుట్టల గుండా కనిపిస్తే అది అసిటేట్.

ప్రశ్న: ఇప్పుడు వెళితే చూడనిస్తారా?

జవాబు: రెండింటినీ చూడవచ్చు. ఫేమ్ ఇప్పటికీ నడుస్తోంది. జాక్సన్ హైవే భవనాన్ని 2013లో ఒక స్థానిక ఫౌండేషన్ కొని, బాగుచేయించి 2017లో మళ్లీ తెరిచింది. రెండు చోట్లా రికార్డింగులు జరుగుతుంటాయి కాబట్టి సందర్శన వేళలు ముందే కనుక్కుని బయలుదేరండి.