వాడకట్టు మనుషులు రంగస్థలం ఎక్కేటప్పుడు

ప్రియమైన బిడ్డకు ఆశీస్సులు.

నీ సంగీత నాటకం ప్రతి అందింది. మొదట కథ కోసం ఒకసారి, తరువాత పాటల కోసమే మరొకసారి చదివాను. మన వరంగల్ కొత్తవాడ సందులు, మగ్గాల ఇళ్లు, చాయ్ హోటల్ ముందు బల్లలు, సాయంత్రం అరుగుల మీద సాగే ముచ్చట్లు అన్నీ అందులో ఉన్నాయి. ఇరవై రెండు పాత్రలున్నాయి. వారంతా మీ వాడకట్టులో నిజంగా ఉన్నవారేనని, ఒక్కరిని కూడా కల్పించలేదని ఉత్తరంలో గర్వంగా రాశావు. ఆ గర్వం నాకు నచ్చింది, ఎందుకంటే పొరుగువారి మీద ప్రేమ లేనివారు వారి మాటలను ఇంత ఓపికగా రాసిపెట్టుకోలేరు. అయితే నేను చెప్పదలచుకున్నదంతా నీ ఆ వాక్యం చుట్టూనే ఉన్నది. మనిషి నిజంగా ఉండడం నీకు దొరికిన ముడిసరుకు మాత్రమే. అతడు సంగీత నాటకంలో పాత్ర కావాలంటే, వీధిలో ఎవరితోనూ అనలేకపోయిన మాటను నువ్వు అతనికి పాటగా కట్టి ఇవ్వవలసి ఉంటుంది.

మనది నేరెళ్ల వేణుమాధవ్ గారు పుట్టిన ఊరు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చేదాకా వెళ్లిన ఆ ధ్వన్యనుకరణ (మిమిక్రీ) కళను మన పెద్దలు కళ్లారా చూశారు కాబట్టి, ఒకరి గొంతును, దగ్గును, నడకను పట్టుకోవడం మీద వరంగల్ వారికి సహజంగానే మక్కువ ఎక్కువ. కానీ అనుకరణలో అసలు మనిషి ప్రేక్షకుడికి ముందుగానే తెలిసి ఉంటాడు, పోలిక కుదిరిన క్షణంలోనే చప్పట్లు మోగుతాయి. నాటకానికి ఆ సౌకర్యం లేదు. రేపు నీ నాటకాన్ని కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఆడితే, అక్కడి ప్రేక్షకులకు మీ వీధి చివరి నేతన్న ఎవరో తెలియదు. అతడు తువ్వాలను ఏ భుజం మీద వేసుకుంటాడో నువ్వు సరిగ్గా రాశావా లేదా అన్నది వారికి పట్టదు. ఈ మనిషికి ఏమి కావాలి, అది ఎందుకు దొరకడం లేదు అన్న రెండు సంగతులు తెలిస్తేనే వారు అతని పక్షాన కూర్చుంటారు.

ఆ నేతన్న తాత పాటనే తీసుకో. నలభై పాదాలు రాశావు. పడుగు, పేక, నాడె, కండెలు, రంగుల అద్దకం అన్నీ వచ్చాయి. నేల మీద పరిచే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి కూడా వచ్చింది. ఇవన్నీ తెలుసుకోదగినవే, కానీ తాత వాటిని పాడడు. యాభై ఏళ్లుగా మగ్గం మీద ఉన్న మనిషి తన పనిని ఎవరికీ వివరించడు, చేస్తాడు. నీ ప్రతిలోనే మూడవ దృశ్యంలో ఒక చిన్న చోటు ఉన్నది, నువ్వు దానిని గమనించకుండా దాటిపోయావు. పక్కింటి పిల్లవాడు వచ్చి "పెద్దోడు పండుగకు వస్తడా తాతా?" అని అడుగుతాడు. తాత మగ్గం ఆపి, తెగని పోగునే తెగిందన్నట్టు సవరించుకుంటాడు, జవాబు చెప్పడు. కొడుకు మహారాష్ట్రలోని భివండిలో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడని ప్రేక్షకులకు అప్పటికే తెలుసు. మన ఉత్తర తెలంగాణ చేనేత కుటుంబాలలో భివండి, సూరత్, షోలాపూర్ పేర్లు వినని ఇల్లు అరుదు కాబట్టి దాన్ని ఎక్కువగా విడమరచి చెప్పనక్కరలేదు కూడా. పాట పుట్టవలసిన చోటు అదే.

దానిని ఎట్లా కట్టవచ్చో కొంచెం వివరంగా చెబుతాను. మొదటి దృశ్యం నుంచే మగ్గం చప్పుడును తెర వెనుక లయగా నడిపించు. రెండు కాళ్లతో మార్చి మార్చి తొక్కే మగ్గానిది సమమైన దెబ్బ. దాని మీద వీధి మాటలు, బేరాలు, పిల్లల అరుపులు అన్నీ వచ్చి కూర్చోనీ. ప్రేక్షకుల చెవులు దానికి అలవాటు పడి, వినడం మరచిపోయిన సమయంలో పిల్లవాడు ఆ ప్రశ్న అడగాలి, చప్పుడు ఆగిపోవాలి. మొదటి రెండు పాదాలకు ఏ వాద్యమూ ఉండకూడదు. ఇక తాత పాడేది కొడుకు మీద బెంగ ఒక్కటే అయితే పాట పలుచనవుతుంది. కొడుకు తిరిగి రావాలని అతనికి ఉన్నది. కానీ రమ్మని అడిగితే, వచ్చి ఏమి చేయాలి అని కొడుకు అడుగుతాడు, అప్పుడు మగ్గం మీద వారానికి ఎంత వస్తుందో తన నోటితో తానే చెప్పవలసి వస్తుంది. కోరికా దాని అడ్డంకీ ఒకే గుండెలో ఉన్నప్పుడు పన్నెండు పాదాలు చాలు. నలభై అవసరం లేదు.

నీ పాత్రలన్నీ రాగానే తాము ఎవరో పాడి చెప్పుకోవడం చిందు యక్షగానం చూసిన అలవాటు వల్ల వచ్చిందని అనుకుంటున్నాను. ప్రవేశ దరువు గొప్ప సంప్రదాయం. అయితే ఆ దరువుతో వచ్చేవారు రాజులు, దేవతలు. వారి కథ ఊరందరికీ తెలుసు, ప్రేక్షకుడు ఆ కథ కోసమే తెల్లవార్లూ కూర్చుంటాడు. మన నేతన్న కథ ఎవరికీ తెలియదు. అతడు ఎవరో చెప్పే దరువును నాలుగు పాదాలకు కుదించి, అతనికి ఏమి కొరవడిందో చెప్పే పాటకు చోటు మిగుల్చుకో.

వాడకట్టు మనుషులతో సంగీత నాటకం కట్టిన వారిలో న్యూయార్క్ నగరానికి చెందిన లిన్-మాన్యుయెల్ మిరాండా పని నీకు ఉపయోగపడుతుంది. కళాశాలలో రెండవ సంవత్సరం చదువుతున్నప్పుడు మొదలుపెట్టిన "ఇన్ ద హైట్స్" 2008లో న్యూయార్క్‌లోని పేరున్న నాటకశాలల వీధి బ్రాడ్వే చేరి, ఉత్తమ సంగీత నాటకంగా టోనీ పురస్కారం పొందింది. అందులోని వీధి మన్‌హాటన్ ఉత్తరాన ఉన్న వాషింగ్టన్ హైట్స్. లాటిన్ అమెరికా దేశాల నుంచి వలస వచ్చినవారు నివసించే ఆ ప్రాంతానికి ఆనుకుని ఉన్న వాడలోనే అతడు పెరిగాడు. ఆ నాటకంలో వీధి అందరికీ అవ్వ లాంటి క్లాడియా అనే ముసలమ్మ ఉన్నది. ఆమెకు మూలం మిరాండా కుటుంబంలో పిల్లలను పెంచిన ఎడ్ముండా క్లాడియో అనే పెద్దావిడ. పేరులో ఒక ముక్క, రక్తసంబంధం లేకుండానే తల్లిలా పెంచిన గుణం ఆమెవి. మిగతాది మారిపోయింది. నాటకంలోని అవ్వ క్యూబా నుంచి 1943లో తల్లితో పాటు వచ్చి, పెద్దింటి పనులు చేసుకుంటూ ముసలితనానికి చేరిన మనిషి. వీధిలో అందరికీ ఓపికగా ఆశీర్వాదాలు పంచే ఆమె ఒంటరిగా పాడే పాటలో మాత్రం తన బతుకంతా తిరగేసుకుంటుంది, ఆ పాట చివరకు ఆమె చేతిలో లాటరీ తగిలిన చీటీ ఉన్నదని మనకు తెలుస్తుంది. ఇప్పుడేమి చేయాలి అన్న ప్రశ్నతో ఆ పాట కథను ముందుకు నెడుతుంది. నీ అవ్వ పాటలో జ్ఞాపకాలున్నాయి, ఆ ప్రశ్న లేదు.

ఆ నాటకం నుంచి మరో రెండు సంగతులు గమనించు. మొదటి ప్రతులలో నీనా అనే అమ్మాయికి ఒక సోదరుడు ఉండేవాడు. ఆ తరువాతి ఏళ్లలో నాటకం రూపు మారుతూ వచ్చినప్పుడు అతని పాత్రను పూర్తిగా తీసివేశారు. ఇరవై రెండు మందిని తొమ్మిదికి తగ్గించమని నేను చెబితే నీకు బాధ కలుగుతుందని తెలుసు, అయినా చెబుతున్నాను. రెండవది, ఆ కథను మనకు పరిచయం చేసేవాడు పాటలు రాసే కుర్రవాడు కాడు, వీధి మూల చిన్న దుకాణం నడిపే ఉస్నావి. పొద్దున్నే కాఫీ కోసం అందరూ అతని దగ్గరికి రావలసిందే, కాబట్టి మొదటి పాటలోనే వాడంతా అతని ముందు నుంచి నడుస్తుంది. నీ నాటకంలో సూత్రధారివి నువ్వే. వాడకట్టును చూసి పాటలు రాసుకునే అమ్మాయిగా ప్రతి దృశ్యంలో కనిపిస్తావు, కానీ ఆ అమ్మాయికి ఏమీ పోదు, ఏమీ రాదు. ఆమెను తీసివేయి. కథ చెప్పే పని చాయ్ హోటల్ కాకకు అప్పగించు.

ఆ కాకను, నీ ప్రతిలో వేరుగా ఉన్న ఆజంజాహి మిల్లు కార్మికుణ్ణి ఒకే మనిషిగా చేస్తే ఇంకా మంచిది. 1934లో మొదలైన ఆ బట్టల మిల్లు మూతపడిన తరువాత ఎందరో చిన్న చిన్న వ్యాపారాలలోకి వెళ్లిన ఊరు మనది కాబట్టి అతుకు కనిపించదు. సైరన్‌తో మేలుకొని, సైరన్‌తో అన్నం తిన్న మనిషి ఇప్పుడు ఏ కూతా లేకుండానే తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తున్నాడు. వీధిలో ఎవరు ఎప్పుడు నిద్ర లేస్తారో అతనికి తెలుసు. ఒగ్గు కథ చెప్పేవారు కథకులుగా నిలబడి, భుజం మీద గుడ్డను కొంగులా లాగి ఆడమనిషిగా మారిపోయి, మళ్లీ కథకులుగా తిరిగివస్తారు కదా. ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లినప్పుడు ఈసారి ఆ మార్పు ఎన్ని క్షణాలలో జరుగుతుందో దగ్గర నుంచి చూడు. నీ కాకకు ఆ విద్య ఇస్తే, తగ్గించిన పదముగ్గురిలో కొందరు అతని గొంతులోనే బతుకుతారు.

బతుకమ్మ దృశ్యాన్ని చివర పెట్టావు. పూలు, చప్పట్లు, రంగుల చీరలతో కంటికి ఇంపుగా ఉన్నది, కానీ అక్కడ ఏమీ జరగడం లేదు. బతుకమ్మ పాటలో ఒకరు పాదం ఎత్తుకుంటే మిగతావారు "ఉయ్యాలో" అని అందుకుంటారు. అంటే ఒక మనిషి మాటను వాడంతా కలిసి మోసే పద్ధతి మన ఆడవారి దగ్గర ఎప్పటినుంచో ఉన్నది. సంగీత నాటకంలో బృందగానానికి ఇంతకన్నా బలమైన సాధనం ఎక్కడ వెతికినా దొరకదు. నీ ప్రతిలో అత్తవారింటి నుంచి వచ్చి, తిరిగి వెళ్లడానికి ఇష్టపడని యువతి ఒకతె ఉన్నది. బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి రావడం ఆనవాయితీ కాబట్టి తొమ్మిది రోజులూ ఆమెను ఎవరూ ఏమీ అడగరు. చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు మాత్రం పాట ఎత్తుకున్న పెద్దమ్మ పాదంలోకి "ప్రయాణం ఎప్పుడు" అన్న ప్రశ్నను మెల్లగా జొప్పించవచ్చు. పల్లవి అందుకునే గొంతులలో కొన్ని జాలితో, కొన్ని కుతూహలంతో పలుకుతాయి. వలయంలో తిరుగుతున్న ఆ అమ్మాయి చప్పట్లు తప్పకుండా మూడు చుట్లు ఓర్చుకొని, నాలుగవ చుట్టులో తానే పాదం ఎత్తుకోవాలి. వాడకట్టు అలవాటు కొద్దీ ఆమె మాటకు కూడా "ఉయ్యాలో" అంటుంది. అన్న తరువాతే, తాము దేనికి వంత పాడామో వారికి తెలుస్తుంది. ఇది నీ నాటకానికి నడిమి స్తంభం కాగలదు. మొదటి అంకం ఇక్కడ ముగించు.

భాష గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్రజాకవి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న నేల మీద, పాత్ర తన ఇంటి మాటతోనే పాడాలని ఎవరూ కొత్తగా నేర్పవలసిన పని లేదు. ఒక్క సూచన మాత్రం చేస్తాను. అందరినీ ఒకే యాసలో పాడించకు. మిల్లులో హిందీ, ఉర్దూ మాటల మధ్య పనిచేసిన కాక మాట వేరుగా ఉంటుంది, ఇల్లు కదలని అవ్వ మాట వేరుగా ఉంటుంది, హనుమకొండలో డిగ్రీ చదివిన మనవరాలి మాట ఇంకా వేరుగా ఉంటుంది.

ఇక నన్ను అన్నింటికన్నా కలవరపెట్టిన విషయానికి వస్తాను. ఆ యువతి నిజంగా మీ వీధిలో ఉన్నది. ఆమె భర్త చేసే ఉద్యోగం, పెళ్లి జరిగిన ఊరు, పంచాయితీ పెద్దలు అన్న మాటలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశావు. పేరు ఒక్కటి మార్చితే ఎవరూ గుర్తుపట్టరని అనుకుంటున్నావు. కొత్తవాడలో మొదటి ప్రదర్శన ఇస్తే మొదటి పాదానికే గుర్తుపడతారు, ఆమె తల్లిదండ్రులు ముందు వరుసలోనే కూర్చుని ఉంటారు.

అమెరికాలోని చార్ల్‌స్టన్ నగరంలో శామ్యూల్ స్మాల్స్ అనే నల్లజాతి వికలాంగుడు మేక లాగే చిన్న బండిలో తిరుగుతుండేవాడు. ఆ ఊరి రచయితే అయిన డ్యుబోస్ హేవర్డ్, పత్రికలో అతని గురించి వచ్చిన చిన్న వార్తను ఆధారం చేసుకొని 1925లో "పోర్గీ" నవల ప్రకటించాడు. తాను ఉన్న వీధికి దగ్గరలోని క్యాబేజ్ రో అనే పాత ఇళ్ల వరుస అందులో క్యాట్‌ఫిష్ రోగా మారింది. అది 1927లో నాటకమై, 1935లో జార్జ్ గెర్ష్విన్ సంగీతంతో "పోర్గీ అండ్ బెస్" అనే ఒపెరాగా న్యూయార్క్ రంగస్థలం ఎక్కింది. స్మాల్స్ 1924లోనే చనిపోయాడు. మేకబండి మనిషి ప్రేమ, అతడు చేసిన హత్య, ప్రియురాలిని వెతుకుతూ సాగించిన ప్రయాణం లోకమంతా పాటలుగా విన్నది. వాటికి సరే అనడానికి గానీ కాదనడానికి గానీ ఆ మనిషి లేడు. ఆ ఒపెరా సంగీతం ముందు నేను తల వంచుతాను, కానీ ఆ పేదవాడికి అడిగే అవకాశమే రాలేదన్న సంగతి నన్ను వదలదు. మీ వీధి యువతి బతికే ఉన్నది. నువ్వు అడగవచ్చు.

కాబట్టి దసరా లోపల ఆమె దగ్గరికి ఒంటరిగా వెళ్లి, ప్రతి మొత్తం ఇవ్వకుండా, ఆ పాటను మాత్రం నీ గొంతుతో పాడి వినిపించు. వద్దంటే మారు మాట్లాడకుండా తీసివేయి. సరే అన్నా సరే, భర్త ఉద్యోగాన్ని, ఊరిని, పంచాయితీ మాటలను మార్చు. తిరిగి వెళ్లకూడదన్న ఆమె నిశ్చయం, దాన్ని పైకి చెప్పడానికి ఆమె పడే భయం మాత్రమే నీ నాటకానికి కావాలి, మిగతావన్నీ ఆమెవి. నేతన్న తాత దగ్గరికి కూడా ఇట్లాగే వెళ్లు. ఆయన కొడుకు భివండిలో ఉంటే నీ పాత్ర కొడుకును సూరత్ పంపు.

తాత పాటను పన్నెండు పాదాలకు తగ్గించి, సద్దుల బతుకమ్మ దృశ్యాన్ని మళ్లీ రాసి, ఈ రెండు మాత్రమే నాకు పంపు. మిగతా నాటకం ఇప్పుడే ముట్టుకోవద్దు. హార్మోనియం వాయించే మీ తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వస్తే ఇక్కడే కూర్చుని వరుసలు కూడా చూసుకుందాం. తాత పాటకు నువ్వు పెట్టిన శ్రుతి ముసలి గొంతుకు చాలా ఎక్కువగా ఉన్నది.

నీ మేలు కోరే
పెద్దమ్మ
హనుమకొండ