పోలార్ కాడ్ మెదడు ఎంఆర్ఐ: రెండు గుంపుల్లోనూ ఒకే సిగ్నల్ వస్తుంటే

పోలార్ కాడ్ (ఆర్కిటిక్ చల్లని నీటి చేప) మెదడు స్కాన్‌లో రెండు గుంపుల మధ్య తేడా ఎందుకు కనిపించడం లేదని అడిగారు. తప్పు స్కానర్‌ది కాదు, నీళ్లది అనిపిస్తోంది. కార్బన్ డయాక్సైడ్ పెంచిన నీటిలోని చేపల్లోనూ, మామూలు నీటిలోని కంట్రోల్ చేపల్లోనూ టారిన్ సెస్ట్ సిగ్నల్ (మెదడులోని టారిన్ అనే పదార్థం ద్వారా పీహెచ్ మార్పును చూపే ఎంఆర్ఐ సిగ్నల్) ఒకేలా ఉందన్నారు. కానీ నీటి పీహెచ్ ట్యాంకులో కొలిచారు. చేప ఉన్నది అయస్కాంతం లోపలి చాంబర్‌లో కదా!

ట్యాంకు నుంచి చాంబర్‌కి నీళ్లు తెచ్చే పొడవాటి సిలికాన్ గొట్టం గోడల్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ప్రవాహం తక్కువైతే కంట్రోల్ చేప తన శ్వాసతోనే చాంబర్ నీటిని ఆమ్లంగా మార్చేస్తుంది. తేడా రెండు వైపులా కరిగిపోతుంది.

1. చాంబర్‌లోకి వెళ్లే చోట, బయటికొచ్చే చోట నీటిని సిరంజితో, గాలి బుడగ లేకుండా తీయండి. ఆ నీటిని అదే చల్లదనంలో ఉంచి వెంటనే పీహెచ్ చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. చేప లేకుండా ఒకసారి, చేపతో ఒకసారి చేస్తే లోపం గొట్టానిదో, శ్వాసదో తేలిపోతుంది.

2. లోపం గొట్టానిదైతే నైలాన్‌ది వేయండి. శ్వాసదైతే ప్రవాహం పెంచండి, చేప కదలనంత వరకే.

3. చాంబర్‌లో ఫైబర్ ఆప్టిక్ థర్మామీటర్ పెట్టండి. సెస్ట్ సిగ్నల్‌కి ఆధారమైన, టారిన్‌కీ నీటికీ మధ్య ప్రోటాన్ల మార్పిడి వేగం ఉష్ణోగ్రతతోనూ మారుతుంది. 37 డిగ్రీల దగ్గర అది మరీ వేగం, అందుకే ఈ పద్ధతి చల్లని నీటి చేపలకు నప్పుతుంది.

4. నీళ్లు మార్చిన మొదటి గంటల నుంచే వరుసగా స్కాన్ చేయండి. తర్వాత చేప ఒంట్లో బైకార్బొనేట్ (ఆమ్లాన్ని తగ్గించే పదార్థం) కూడగట్టి పీహెచ్‌ని సర్దుకుంటుంది, అప్పుడు తేడా నిజంగానే తగ్గిపోవచ్చు.