మొదటి స్ట్రాప్‌కి గాట్లు పడతాయి, అది తెలిసే కొనండి

కొత్తగా స్ట్రెయిట్ రేజర్ (మంగలి కత్తి) పట్టినవాళ్లు మొదటి స్ట్రాప్ (ఆ కత్తి పదును సరిచేసుకునే తోలు పట్టీ) ఏది కొనాలి, ఖరీదైన గుర్రపు తోలుది ఒకేసారి తీసుకుంటే మేలు కదా అని అడిగారు. వద్దు. చెయ్యి కుదిరేలోపు స్ట్రాప్ మీద గాట్లు పడక మానవు. షెల్ కార్డొవాన్ అనే ఆ ఖరీదైన గుర్రపు తోలైనా మామూలు ఆవు తోలైనా కత్తికి ఒకటే, తేడా మన ప్రాణానికే.

వేలాడదీసే రకం, 3 అంగుళాల వెడల్పు, లాగడానికి కనీసం 16 అంగుళాల నిడివి, జతగా ఒక లినెన్ లేదా కాటన్ పట్టీ. ఇది చాలు. వెడల్పు విషయంలో మాత్రం రాజీ పడకండి. చాలా రేజర్ల అంచు 3 అంగుళాలకు కాస్త అటూఇటూ ఉంటుంది, అందుకని తిన్నగా లాగినా దాదాపు అంచంతా తోలుకు తగులుతుంది. 2 అంగుళాల పట్టీ మీదైతే ప్రతిసారీ కత్తిని మడమ (పిడి వైపు చివర) నుంచి మొనదాకా ఏటవాలుగా జరుపుతూ లాగాలి. అదీ నేర్చుకోవలసిందే, మొదటి వారంలో కాదు. కొనేముందు తోలు మీద అడ్డంగా స్కేలు పెట్టి చూడండి. మధ్యలో గుంట కనిపిస్తే తీసుకోవద్దు.

నూనె, మైనం పట్టించిన లాటిగో తోలు కత్తిని గట్టిగా పట్టి లాగుతుంది. పట్టు ఎక్కువైతే పదునూ ఎక్కువ వస్తుందనుకుంటారు గానీ, అది చేతికి తెలిసే తేడా మాత్రమే. కొత్తవాళ్లకు ఓ మోస్తరు పట్టు చాలు.

ఇక గాట్లు. అవి లాగేటప్పుడు పడవు, తిప్పేటప్పుడు పడతాయి. కత్తి ఎప్పుడూ వెన్ను ముందుగా, అంచు వెనకగా కదలాలి. చివరకు రాగానే పూర్తిగా ఆపండి. వెన్ను తోలు మీదే ఆనించి ఉంచి, బొటనవేలు, చూపుడువేలు మధ్య కత్తి తోకను (అంచు లేని, పట్టుకునే సన్నటి భాగాన్ని) పెన్సిల్ దొర్లించినట్టు దొర్లించండి. అంచు పైకి లేచి అవతలి పక్కకు వాలుతుంది. అది తోలును తాకాకే వెనక్కి లాగాలి. మణికట్టు తిప్పినా, ఆగకుండానే తిప్పినా గాటు ఖాయం. ముందు వెన్న రాసుకునే కత్తితో ఓ వంద సార్లు చేసి చూడండి. వేగం దానంతటదే వస్తుంది.

రెండో తప్పు పట్టీని వదులుగా పట్టుకోవడం. కుంగిన తోలు కత్తి అంచు చుట్టూ ఒంపు తిరిగి పదునును గుండ్రం చేస్తుంది. బిగించి పట్టుకుని, కత్తి బరువుకు మించి పెద్దగా నొక్కకండి. రోజూ గుడ్డ మీద 20 నుంచి 30, తోలు మీద 50 నుంచి 60 రానుపోనులు సరిపోతాయి. ఇది ఉన్న పదునును సరిచేస్తుందే తప్ప, మొద్దుబారిన కత్తికి సాన పట్టదు.

తోలుకు పదునుపెట్టే పేస్ట్ పూయొద్దు. క్రోమియం ఆక్సైడ్ లాంటి పేస్ట్ వాడాలనుంటే దానికి వేరే పట్టీ పెట్టుకోండి, ఒకసారి పూశాక పూర్తిగా వదిలించడం కష్టం.

పట్టీ అంచున పడ్డ చిన్న గాటును 400 నుంచి 600 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దితే సరిపోతుంది. తోలు పొరలా లేస్తే కింద జిగురు రాసి, ఆరాక రుద్దండి. నడిమధ్యన లోతుగా తెగితే మంచి ముక్కను కోసి, చదునైన చెక్కకు అంటించండి. ఆ పేస్ట్ పూసుకోవడానికి అదే పనికొస్తుంది.